సీటు వెనక తువ్వాలు

పెళ్లైన కొత్తలో మావారిని ఒక ఒడ్డాణం చేయించమని అడిగాను. "చూద్దాంలే" అన్నారు. ఆ చూడటానికి ఇరవై రెండేళ్లు పట్టింది. మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో ముచ్చట తీర్చారు. బంగారంది కాదులెండి. నల్లగుడ్డతో, వీపు వైపు నాలుగు బద్దలతో, పొట్ట మీద చర్రుమంటూ అతుక్కునే పట్టీతో మందుల షాపులో కొన్నది. "సైజు సరిపోయిందా?" అని కూడా అడిగారు, అచ్చం నగల కొట్లో అడిగినట్టే.

నవలలు రాసుకునే మనిషికి నడుము నొప్పేమిటని మా వీధిలో వాళ్లంతా ఆశ్చర్యపోయారు. నవలంటే దివాన్ మీద వాలి, కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ రాసేదని వాళ్ల ఉద్దేశం. ఈ వారం భాగం ఇంకా అందలేదని పత్రిక నుంచి ఫోనొస్తే, పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీకి అతుక్కుపోయి హీరోయిన్ని రైలెక్కించి, తీరా నేను కుర్చీ దిగలేక గోడ పట్టుకున్న రోజులు వాళ్లకేం తెలుసు?

ఇహ సలహాలు! మారేడ్‌పల్లిలో ఉండటం వల్ల ఒక సుఖం, నాలుగు రకాల వైద్యం నాలుగు గుమ్మాల్లో దొరుకుతుంది. ఎదురింటి మామి నల్లేరు పచ్చడి తెచ్చి, పిరండై తొగయల్ అంటూ దాని అరవ పేరు కూడా నాచేత పలికించి మరీ తినిపించింది. పక్కింటి వదినగారు ఆముదం కాచి రాయమన్నారు. మా అమ్మ ఫోనులోనే ఉప్పు మూట కాపడం పెట్టేసింది. డాక్టరుగారు మాత్రం అన్నీ విని, వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ, మూడు నెలలు కారు నడపకూడదు అన్నారు. ముప్ఫై అయిదో ఏట మావారితో పోట్లాడి మరీ నేర్చుకున్న డ్రైవింగ్ అది. పుట్టింటికి పంపనన్నా అంత బాధపడేదాన్ని కాదు.

అలా మా ఇంటికి డ్రైవరు వచ్చాడు. వచ్చారు అనాలి. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, అరవై దాటాయి. పొట్టిగా, తెల్లమీసాలతో, ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడ్డారు. వాచ్‌మన్ ద్వారా వచ్చిన మనిషిని ఏమని పిలవాలో నాకు తోచలేదు. పేరు పెట్టి పిలిస్తే నోరు రాదు, బాబాయ్ అంటే ఆయనకి వయసు ఎక్కువైపోతుంది. చివరికి మా సికింద్రాబాద్ పద్ధతిలో "అన్నా" అన్నాను. ఆయన నన్ను "అమ్మా" అన్నారు. లెక్క సరిపోయింది.

మావారు మొదటి రోజే రూల్సు చెప్పారు. అనవసరంగా హారన్ కొట్టకూడదు. కారులో ఫోను మాట్లాడకూడదు. "ఇంకోటి, సీటూ అద్దాలూ కదపకండి. ఆదివారాలు నేను నడుపుకుంటాను. ప్రతిసారీ సర్దుకోవడం నాకు చిరాకు." ఆయన అన్నిటికీ తలూపారు. స్టీరింగుని ముట్టుకుని కళ్లకద్దుకుని ఎక్కారు.

పడమర మారేడ్‌పల్లిలోని మా ఇంటి నుంచి పద్మారావునగర్‌లో ఉన్న ఫిజియోథెరపీకి ఎంతో దూరం లేదు. కానీ నడుము నొప్పి ఉన్నవాళ్లకి దూరం కిలోమీటర్లలో ఉండదు, స్పీడ్ బ్రేకర్లలో ఉంటుంది. సంగీత్ చౌరస్తా దాకా ఒక లెక్క, చిలకలగూడ దాటేసరికి ఇంకో లెక్క. ప్రతి మిట్టకీ వెనక సీట్లో నేను "అమ్మా" అనేదాన్ని. నాలుగో రోజో అయిదో రోజో గమనించాను, నేను "అమ్మా" అన్నప్పుడల్లా ముందు సీట్లోంచి కూడా సన్నగా ఒక "అమ్మా" వినిపిస్తోంది. ఈయన నన్ను వెక్కిరిస్తున్నాడా అని ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మావారితో చెప్పాను కూడా. "నీ నవలల్లో విలన్లు చాలరా?" అన్నారు.

వెక్కిరింపు కాదని తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఆయన నీళ్లు తాగడానికి దిగినప్పుడు చూశాను. డ్రైవరు సీటు మీద, నడుము ఆనే చోట, చుట్టచుట్టి పెట్టిన తువ్వాలు. పాతది, అంచులు పోయినది. నా సీట్లో నేను పెట్టుకున్న దిండుకి అది అన్నగారు.

"అన్నా, మీకూ నడుము నొప్పి ఉందా?"

"ఏం లేదమ్మా, మంచిగనే ఉన్న. చెమట తుడుచుకోనీకి పెట్టుకున్న."

చెమట తుడుచుకునే తువ్వాలు భుజాన ఉంటుంది కానీ వెన్ను వెనక ఉంటుందా? కథలు రాసేదానికి కథ చెప్పారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చిన్నది, మా అమ్మాయి కంటే అయిదారేళ్లు పెద్దదేమో. నన్ను బోర్లా పడుకోబెట్టి కాలు ఎత్తిస్తూ ఆరోజు హఠాత్తుగా అడిగింది. "ఆంటీ, మీ పని మీకు ఇష్టమేనా?"

నాకు కోపం వచ్చింది. నొప్పి నడుములో ఉంటే మనసుని అడుగుతుందేం? ఆ పిల్ల నవ్వి చెప్పింది. అమెరికాలో విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీలో మూడు వేల మందికి పైగా పనివాళ్లని నాలుగేళ్లపాటు గమనించి 1991లో ఒక పరిశోధన ప్రచురించారట. తమ పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్నవాళ్లు, దాదాపు ఎప్పుడూ నచ్చుతుందన్నవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా నడుముకి దెబ్బ తగిలిందని చెప్పుకున్నారట. "బరువులు మోయడం, వంగడం, అవన్నీ ఉన్నాయనుకోండి. కానీ ఇదీ ఉంది" అంది.

నేను మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నా నడుము సరిగ్గా ఎప్పుడు పట్టేసిందో నాకు గుర్తొచ్చింది. ముగించేసిన సీరియల్‌ని ఇంకో పది వారాలు సాగదీయమని పత్రికవాళ్లు అడిగి, కాదనలేక నేను సరేనన్న వారం. చచ్చిపోయిన అత్తగారిని బతికించి మళ్లీ కోడల్ని ఏడిపించడానికి కూర్చున్న కుర్చీ అది.

"మరి డ్రైవర్లకో?" అన్నాను, మాట మార్చడానికి.

ఆ పిల్ల హుషారు పడింది. వాళ్లది రెండు వైపుల దెబ్బ ఆంటీ అంది. కూర్చున్న మనిషి వెన్నుని సెకనుకి నాలుగు నుంచి ఆరు సార్లు పైకీ కిందకీ ఊపితే అది దానికి బాగా తగిలే లయ. ఉయ్యాలని సరిగ్గా సమయానికి తోస్తే అందుకుంటుంది చూడండి, అలాగ. బండి ఊపుడు ఆ లయకి దగ్గరపడ్డప్పుడల్లా వెన్నుపూసలు దాన్ని పెంచి మరీ అందుకుంటాయి. ఆ పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులకి రక్తనాళాలు ఉండవు. మనిషి కదులుతూ ఉంటేనే, స్పాంజిని పిండి వదిలినట్టు, వాటికి తిండి అందుతుంది. గంటలకొద్దీ ఒకే భంగిమలో కూర్చుంటే ఊపుడు ఉంటుంది కానీ కదలిక ఉండదు. క్లచ్చు, బ్రేకు, గేరు. మళ్లీ క్లచ్చు.

ఇది విన్నాక నాకు కుతూహలం పట్టుకుంది. కుర్చీలోనే కూర్చుని చదివాను, ఏం చేయను! కూర్చుని పనిచేసే డ్రైవరు గురించి ప్రపంచం ఆలోచించింది నడుము వల్లే కాదట, గుండె వల్ల కూడా. లండన్ బస్సుల్లో అప్పట్లో డ్రైవరూ కండక్టరూ ఒకే బండిలో, ఒకే ఊళ్లో పనిచేసేవారు. కానీ కండక్టరు డబుల్ డెక్కరు మెట్లు రోజుకి అయిదారు వందలు ఎక్కి దిగేవాడు, డ్రైవరు కూర్చునే ఉండేవాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని జెర్రీ మారిస్ అనే డాక్టరు 1953లో చూపించాడు. మూడేళ్ల తర్వాత ఆయనే డ్రైవర్లకీ కండక్టర్లకీ కుట్టిన యూనిఫారం పంట్లాముల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుం చుట్టుకొలత ఎక్కువని తేలింది. దర్జీ పుస్తకంలో ఇంత సైన్సు ఉందని మా రవికెల టైలరుకి చెప్పాలి.

మన సికింద్రాబాద్‌లోనూ ఒకప్పుడు డబుల్ డెక్కర్లు ఉండేవి. చిన్నప్పుడు పై అంతస్తులో ముందు సీటు కోసం అన్నయ్యతో జుట్టు పట్టుకునేదాన్ని. ట్యాంక్‌బండ్ మీద వెళుతుంటే బస్సు నేనే నడుపుతున్నట్టు ఉండేది. సరిగ్గా నా కాళ్ల కింద ఒక మనిషి కూర్చుని ఉన్నాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ తర్వాత పడమర మారేడ్‌పల్లి కస్తూర్బా కాలేజీలో బి.ఎ. చదివే రోజుల్లో అల్వాల్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. స్టాపు దాటి పది గజాలు ముందు ఆపితే పరిగెత్తుకెళ్లి, బస్సు పక్క రేకు మీద చేత్తో దబదబా బాది, "కళ్లు కనిపించవా?" అని అరిచిన బ్యాచి మాది. ఆ గొంతుల్లో నాది అందరికంటే పెద్దది.

ఈ సంగతి మా డ్రైవరన్నకి చెబితే ఆయన పెద్దగా నవ్వారు. "అల్వాల్ రూట్ల నేను గూడ నడిపిన్నమ్మా. గా పిల్లలు మస్తు తిట్టేటోళ్లు." నన్ను నేను అద్దంలో చూసుకోలేక కిటికీలోంచి బయటికి చూశాను.

అక్కడి నుంచి ఆయన మాట్లాడటం మొదలెట్టారు. తెల్లారుజామున మొదటి బస్సు డ్యూటీ అంటే ఆయనకి ప్రాణం. మోండా మార్కెట్‌కి గంపలతో వెళ్లే ఆడవాళ్లు ఎక్కేవాళ్లు. గంప పైకెత్తే దాకా ఆపేవారు. దిగేటప్పుడు ఒకామె రోజూ ఇన్ని చిక్కుడుకాయలో, రెండు జామకాయలో డ్యాష్‌బోర్డు మీద పెట్టి పోయేది. "గా డ్యూటీల నడుము యాదికే రాకపోతుండె." సాయంత్రం డ్యూటీలో, అదే బస్సు, అదే రోడ్డు, ట్రాఫిక్‌లో ఇరుక్కుని జనం తిడుతుంటే కుడిపక్క పట్టేసేదట. పొద్దున ఒళ్లు తాజాగా ఉంటుంది, అందువల్లనేమో అన్నాను. ఉండొచ్చు అన్నారు. "గాని జామకాయ గూడ ఉండె గదమ్మా."

ఆర్టీసీ అంటే ఆయనకి పుట్టిల్లు లాంటిది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మందితో మొదలుపెట్టిన సంస్థ అది అని మా అబ్బాయికి హోంవర్కు చెప్పినట్టు చెప్పారు. 2019లో అక్టోబరు 5 నుంచి 50 రోజులకి పైగా జరిగిన సమ్మెలో ఆయనా ఉన్నారు. "అప్పుడైనా నడుముకి విశ్రాంతి దొరికుంటుంది కదన్నా?" అని అమాయకంగా అడిగాను. ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు. జేబీఎస్ ముందు సిగ్నల్ పడింది. పికెట్ డిపో వైపు చూస్తూ అన్నారు. "గంత నొప్పి నా సర్వీసుల ఎన్నడు రాలేదమ్మా. ఇంట్ల పండుకుంటే లేవకపోతుంటి. మా ఇంటామె లేపి కూసోబెట్టేది. బస్సు ఎక్కినంకనే తక్కువైంది."

బోయింగ్ కంపెనీ మూడు వేలమందీ నాకు ఆ ఒక్క సిగ్నల్ దగ్గర అర్థమయ్యారు.

ఇదంతా భోజనాల దగ్గర చెప్పడం నా తెలివితక్కువ. మావారు వెంటనే లాజిక్కు తీశారు. "అంటే నొప్పంతా మనసులోనే అన్నమాట." అస్సలు కాదు. మనసు బాగాలేనప్పుడు ఆకలి చచ్చిపోతే, పొట్ట అబద్ధమవుతుందా? నొప్పి వెన్నులోనే ఉంటుంది, కానీ అది ఒంటరిగా ఉండదు. మావారు రెండో లాజిక్కు తీశారు. "అయినా నడుము నొప్పి ఉన్న మనిషిని డ్రైవరుగా పెట్టుకోవడమేమిటి? రేపు సడెన్ బ్రేకు వేయాల్సి వస్తే? వేరే కుర్రాణ్ని చూద్దాం." ఆ రెండోది కొట్టిపారేయడానికి వీల్లేదు, అందుకే నాకు నిద్ర పట్టలేదు. ఆయన నాతో ఎందుకు అబద్ధం చెప్పారో అప్పుడు తెలిసింది. తువ్వాలు చెమట కోసమని ఎందుకన్నారో. నిజం చెబితే ఇలాంటి భోజనాల బల్ల దగ్గర ఇలాంటి మాటే వస్తుందని ఆయనకి ముందే తెలుసు. నాతో స్నేహంగా చెప్పుకున్న మాటని నేనే తీసుకెళ్లి ఆయన ఉద్యోగం మీద పెట్టాను.

ఆ ఆదివారం కొంపల్లి దాటాక ఒక ఫంక్షన్ హాల్లో మావారి చెల్లెలి కూతురి పెళ్లి. మావారు ముందురోజే వెళ్లారు కాబట్టి నన్ను డ్రైవరన్నే తీసుకెళ్లారు. ముహూర్తం పదకొండింటికి అన్నారు, తలంబ్రాలయ్యేసరికి ఒంటిగంట, భోజనాలూ ఫోటోలూ అయ్యేసరికి నాలుగు. పట్టుచీర కింద బెల్టు, బెల్టు మీద చీర, మండపంలో ప్లాస్టిక్ కుర్చీ. నావల్ల కాక మెల్లగా కార్ పార్కింగ్ వైపు వచ్చాను. వరసగా ముప్ఫై నలభై కార్లు, ప్రతి కారులో సీటు వెనక్కి వాల్చుకుని ఒక డ్రైవరు. మా కారు దగ్గర ఆయన బయట నిలబడి, రెండు చేతులూ కారు టాపు మీద ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని నడుము వెనక్కి విరుచుకుంటున్నారు. మొహం ఎర్రబడింది. గోడకి ఆని నేను చేసే పనే. నన్ను చూసి గబుక్కున నిటారుగా నిలబడ్డారు.

"ఫోను కింద వడ్డదమ్మా. వెతుకుతున్న."

ఫోను ఆయన చొక్కా జేబులో కనిపిస్తూనే ఉంది.

"అన్నా, భోంచేశారా?"

"అయితది తియ్యమ్మా."

అంటే తినలేదని. అయిదు గంటలుగా. ఏ హాల్లో పెళ్లి జరిగినా డ్రైవర్ల భోజనం ఎక్కడో ఒకరు చెప్పాలి, ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు. ఆయన్ని లోపలికి పంపి, వచ్చేదాకా నీడపట్టున కూర్చుందామని, వెనక తలుపు తాళం పడి ఉంటే, ముందు డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

కూర్చున్నానా, కాళ్లు పెడల్స్‌కి అందలేదు.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. డ్రైవరన్న నాకంటే రెండంగుళాలు పొడవేమో. మావారు ఆరడుగులు. నేను నడిపే రోజుల్లో ఎక్కగానే చేసే మొదటి పని సీటు ముందుకి లాక్కోవడం. ఇప్పుడు ఆ సీటు మావారి కాళ్లకి తగ్గట్టుగా, పట్టాల చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. క్లచ్చు పూర్తిగా నొక్కాలంటే నడుము సీటుని వదిలి ముందుకి జారాలి. జారిన నడుముకీ సీటుకీ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలో తువ్వాలు.

అయిదు నెలలు. రోజుకి వందలసార్లు క్లచ్చు. ఆ సీటు కింద చేతికి అందేంత దూరంలో ఒక ఇనప కడ్డీ ఉంది, పైకెత్తితే సీటు కదులుతుంది. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి ఆ కడ్డీ ఎక్కడుంటుందో తెలియదా? కదపొద్దని చెప్పారు కనక కదపలేదు. తను రోజంతా కూర్చునే సీటు ఎంత దూరంలో ఉండాలో చెప్పే హక్కు తనకి లేని ఉద్యోగం. మేమిచ్చిన ఉద్యోగం అది.

ఆయన భోంచేసి వచ్చాక "సీటు ముందుకి జరుపుకోండన్నా" అన్నాను. "వద్దమ్మా, సారు ఏమన్న అంటరు." నేనే వంగబోయాను. నా నడుము సంగతి తెలుసుగా, ఆయన కంగారు పడి తనే కడ్డీ ఎత్తారు. టక్కు టక్కుమంటూ నాలుగు పళ్లు ముందుకొచ్చింది. తువ్వాలు మడిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నారు. మారేడ్‌పల్లి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం పొద్దున మావారు హుషారుగా కారెక్కారు. ఎక్కడం ఏమిటి, మోకాలు ఠంగుమని స్టీరింగు కింద కొట్టుకుంది. "ఎవరు కదిపారు?" అని అరిచారు. నేనన్నాను. సీటు పట్టా పక్కన గోళ్లరంగుతో రెండు చుక్కలు పెట్టాను. ఎర్రచుక్క ఆయనది, గులాబీది డ్రైవరన్నది. ఆదివారం ఆయన వెనక్కి జరుపుకోవచ్చు, సోమవారం డ్రైవరన్న ముందుకి జరుపుకుంటారు, ఇందులో చిరాకు పడాల్సింది ఏమైనా ఉంటే వారానికి ఒక్క నిమిషం. మావారు మోకాలు రుద్దుకుంటూ, "నాకు గులాబీ రంగు ఇవ్వనందుకు థాంక్స్" అన్నారు. కుర్రాణ్ని వెతికే మాట మాత్రం నేను వదల్లేదు. ఎక్కువసేపు ఆగాల్సిన రోజు దిగి నడవమందాం, దూరప్రయాణానికి పెట్టుకోవద్దు, పద్మారావునగర్‌లో ఆ పిల్లకి ఒకసారి చూపిద్దాం, ఆవిడ వద్దంటే అప్పుడు చూద్దాం అన్నాను. "ఫీజు?" అన్నారు. నా ఒడ్డాణం లెక్కలో రాయమన్నాను.

సీరియల్ వాళ్లకి కూడా ఫోను చేశాను. పది వారాలు కుదరదు, నాలుగు వారాల్లో అత్తగారు మళ్లీ పోతుందని చెప్పాను. వాళ్లు ఒప్పుకున్నారని కాదు.

ఈమధ్య బస్సు స్టాపుల్లో ఆడవాళ్లని చూస్తుంటాను. 2023 డిసెంబరు 9 నుంచి మనకి బస్సుల్లో టికెట్టు లేదు కదా, కిటకిటలాడిపోతూ ఎక్కుతున్నాం. సంతోషమే. ఆ బరువంతా లాగుతూ ముందు కూర్చున్న మనిషి నడుముకి ఏమన్నా తేలికైందా అని మాత్రం అడగాలనిపిస్తుంది. బస్సు రేకు బాదిన చెయ్యి నాది కనక.

డ్రైవరన్న నొప్పి పోయిందా అని మామి రోజూ అడుగుతోంది, ఆయనకీ నల్లేరు పచ్చడి పంపుతోంది. ముప్ఫై ఏళ్ల నొప్పి నాలుగు పళ్లు సీటు జరిపితే పోతుందా? మొన్న గురువారం అమ్మావాళ్లింటికి వెళ్లి వస్తున్నాం. పెరేడ్ గ్రౌండ్స్ దగ్గరికి వచ్చేసరికి, అలవాటుగా అడిగాను, అలవాటైన జవాబే వస్తుందనుకుంటూ.

"ఎలా ఉందన్నా నడుము?"

అద్దంలో ఒకసారి నావైపు చూశారు.

"ఇయ్యాల జర ఎక్కువనే నొస్తున్నదమ్మా. ఒక అయిదు నిమిషాలు ఆపుత."

చెట్టు కింద కారాపారు. ఆయన అటు దిగి టాపు మీద చేతులానించారు. నేను ఇటు దిగి, కొంగు నడుముకి దోపి, నా వైపు టాపు మీద చేతులానించాను. బస్సు కిటికీల్లోంచి జనం తలలు బయటికి పెట్టి మరీ చూశారు.